పుస్తకం లేకుండా బాగుచేసిన చేతి కంప్యూటరు

లెస్టర్,
ఆదివారం

చిట్టితల్లికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఆ పాత డబ్బా ముందు మూడు వారాలుగా ఏం చేస్తున్నావని పోయిన వారం అడిగావు. ఫోనులో అయితే సగంలోనే ఆగిపోతాను కనుక ఉత్తరం రాస్తున్నాను.

అది సయాన్ ఆర్గనైజర్-2. లండన్‌కు చెందిన సయాన్ కంపెనీ 1986లో విడుదల చేసిన చేతి కంప్యూటరు. రెండు వరుసల తెర, వరుసకు 16 అక్షరాలు, 36 మీటలు, లోపల హిటాచీ 6303 అనే 8-బిట్ ప్రాసెసరు, అంతటికీ ఒకే 9 వోల్టుల బ్యాటరీ. గిడ్డంగుల్లో సరుకు లెక్క ఇందులో ఎక్కించుకొని, తరువాత కేబులు తగిలించి పెద్ద కంప్యూటరుకు పంపేవారు. నాకు కార్ బూట్ సేల్‌లో, అదే కారు డిక్కీల్లో పెట్టి పాత సామాన్లు అమ్మే సంతలో, నాలుగు పౌండ్లకు దొరికింది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం దానితో రాలేదు. ఎక్కడైనా వెతికితే దొరుకుతుంది కదా అని నాన్నగారు అన్నారు కానీ, నేను వద్దన్నాను. హైదరాబాదులో ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో మా బల్ల మీదికి డ్రాయింగు లేని బోర్డులు ఎన్నో వచ్చేవి. ముందు బోర్డునే అడగడం అక్కడే అలవాటైంది, ఆ పని ఇంకా నా చేతిలో ఉందో లేదో చూసుకోవాలనిపించింది.

బ్యాటరీ గది తెరవగానే విషయం తెలిసింది. ఎవరో బ్యాటరీ లోపలే వదిలేశారు. అది కారి, బ్యాటరీ ఆనే రాగి రేకుల మీద ఆకుపచ్చని చిలుము పట్టి, తెల్లని పొడి బోర్డు అంచు దాకా పాకింది. ఆల్కలైన్ బ్యాటరీ నుంచి కారేది క్షారం కాబట్టి, వంటింట్లో వెనిగర్ రెండు చుక్కలు దూదితో అద్ది, నురుగు ఆగాక ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, ఒక రాత్రంతా ఆరనిచ్చాను. చిలుము పోయాక దాని కింద రాగి గీత ఒకటి గోరంత మేర పూర్తిగా తినేసి ఉంది. మల్టీమీటరు బీప్ శబ్దంతో రెండు కొసలనూ ఖాయం చేసుకొని, వెంట్రుకంత తీగతో వంతెన వేశాను. చేయి వణకలేదు, చిట్టితల్లీ. అది నీకు చెప్పాలనే ఈ వాక్యం రాశాను.

ఆ తరువాత కూడా బ్యాటరీ పెట్టలేదు. లోపల ఏముందో తెలియని బోర్డుకు నిండు కరెంటు ఇవ్వకూడదు. బల్ల మీది పవర్ సప్లయిని 9 వోల్టులకు పెట్టి, 100 మిల్లీ ఆంపియర్లు దాటకుండా కట్టడి చేశాను. స్విచ్ వేయగానే వోల్టేజి సగానికి పడిపోయింది; అంటే ఎక్కడో కరెంటు అడ్డదారిలో పోతోంది. భాగాల మీద ఒక్కొక్కటిగా వేలి కొస ఆనించుకుంటూ వెళితే, బ్యాటరీ వైపున్న చిన్న కెపాసిటరు వెచ్చగా తగిలింది. దాని విలువ ఒంటి మీదే అచ్చయి ఉంది, మైనస్ వైపు గీత ఉంది. ఇక పుస్తకం చెప్పవలసిందేముంది? అదే విలువది మార్చి, ఆన్ మీట నొక్కితే తెర మీద ఫైండ్, సేవ్, డైరీ అనే మాటలు వచ్చాయి. నాన్నగారిని కేకేసి పిలిచాను.

మీటలు అక్షర క్రమంలో ఉన్నాయి కానీ అంకెలకు విడి మీటలు లేవు. చూడగా ఐ, జె, కె మీద 7, 8, 9. వాటి కింద ఓ, పి, క్యూ మీద 4, 5, 6. ఆ కింద యు, వి, డబ్ల్యూ మీద 1, 2, 3 ఉన్నాయి. షిఫ్టు పట్టుకుంటే అక్షరాల మధ్యలోంచి క్యాలుక్యులేటరు బయటికి వస్తుంది. ఎంత ఆలోచించి అమర్చారో!

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది వెనక గూటిలోని డేటాప్యాక్, అంటే లెక్కలు దాచుకొనే విడి మెమరీ పెట్టె. ఫైండ్ నొక్కితే 'ఎ' అనే లోపలి మెమరీయే వస్తోంది, అందులో ఏమీ లేదు. మోడ్ మీట నొక్కాక ఆ 'ఎ' కాస్తా 'బి' అయింది, ప్యాక్‌లోని లెక్కలు వరుసగా రాసాగాయి: పైపుల అమరికలు, 22 మిల్లీమీటర్ల మూలమలుపులు 140, ఇంకా అలాంటివే. ఎవరో ఏదో గిడ్డంగిలో నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఎక్కించినవి. నేను పరీక్షకని ఒక మాట రాసి, చెరిపేశాను. చెరిపినా ఖాళీ జాగా పెరగలేదు. కారణం ఆలోచిస్తే అర్థమైంది: ప్యాక్ లోపలున్నది ఈప్రామ్, అంటే కరెంటు లేకున్నా రాసింది నిలిచి ఉండే మెమరీ చిప్పు. అందులో 1ని 0గా మార్చవచ్చు, 0ని మళ్లీ 1 చేయాలంటే అతినీలలోహిత కాంతి కింద మొత్తం ప్యాక్‌నే చెరపాలి. కనుక యంత్రం ఆ రికార్డు ముందున్న ఒక్క బిట్‌ను మార్చి 'ఇది లేదు' అని గుర్తు పెడుతుందే తప్ప, రాసింది రాసినట్టే ఉంటుంది. ఆ లెక్కల మీద అతినీలలోహిత దీపం పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఖాళీ ప్యాక్ వేరే వెతుకుతాను.

ఇక మిగిలింది పెద్ద కంప్యూటరుతో కలపడం. అందుకు పై గూటిలో పెట్టే కామ్స్ లింక్ అనే జోడింపు పరికరం నా దగ్గర లేదు. నీ ల్యాబులో పాత సీరియల్ కేబులు ఏదైనా పారేయబోతుంటే సెలవులకు వచ్చేటప్పుడు తీసుకురా. డబ్ల్యూ మీట కొంచెం గట్టిగా నొక్కితే గాని పలకడం లేదు; దాన్ని నీ కోసం అలాగే ఉంచాను. బ్యాటరీ మాత్రం తీసి విడిగా పెట్టాను.

ఇట్లు,
అమ్మ