మా నాన్న హైబ్రిడ్ కారెక్కిన రోజు

ఒరేయ్,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఇక్కడ అంతా క్షేమం. చిన్నదానికి పరీక్షలైపోయాయి, అమ్మ మోకాలు కాస్త నయం, నా ఉద్యోగం ఎప్పటిలాగే. మిగతావి తర్వాత రాస్తా. ముందు నిన్న జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కారు మార్చాలనుకుంటున్నా అన్నాను కదా. పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ తీసుకోవాలా, మామూలు పెట్రోల్ బండి సరిపోతుందా అని నెల రోజులుగా ఒకటే టెన్షన్. హైబ్రిడ్‌కి ముందే ఎక్కువ పెట్టాలి, ఆ ఎక్కువ పెట్టింది పెట్రోల్లో ఎన్నాళ్లకి తిరిగొస్తుందో ఎంతకీ తేలదు. ఊరికే లెక్కలేస్తే లాభం లేదని రెండు వారాలు ఆఫీసుకి వెళ్లొచ్చేటప్పుడు బండి కదలకుండా నిలబడ్డ టైమంతా రాసుకున్నాను. రోజుకి సగటున 40 నిమిషాలు రా! ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, చక్రం మాత్రం కదలదు. అది చూశాక నా మనసు హైబ్రిడ్ వైపే మొగ్గింది. కానీ నాన్న ఒప్పుకోవాలి కదా. ఆయన సంగతి నీకు తెలుసు, ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి, శబ్దం విని బండికొచ్చిన రోగం చెప్పేస్తాడు. "ఇంజన్ ఒకటి, మోటారు ఒకటి, రెండు రిపేర్లు" అని మొదటి రోజే తేల్చేశాడు.

నిన్న ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లాను. మొదటి సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి బండి ఆపానో లేదో, ఇంజన్ గప్‌చుప్. నాన్న ఉలిక్కిపడి "ఆగిపోయిందిరా, పక్కకి తియ్, పక్కకి తియ్" అని నా భుజం పట్టుకున్నాడు. నాకు ఠక్కున నువ్వు గుర్తొచ్చావు. "నిద్రపోయింది, లేపకండి" అనేశాను. వెనక కూర్చున్న సేల్స్ కుర్రాడికి ఏం అర్థమవుతుంది, పాపం! మన ఎర్ర బండి, ఆ వాన, నువ్వు బానెట్ మీద చెవి ఆనించి... వద్దులే, మొదలుపెడితే పేజీ అదే మింగేస్తుంది.

పచ్చ లైటు పడగానే బండి మోటారు మీదే మెల్లగా కదిలింది. నాన్న అద్దం దించి చెవి బయటికి పెట్టాడు. టైర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. కాస్త స్పీడు అందుకున్నాక ఇంజన్ కలిసింది. "ఇప్పుడొచ్చింది" అన్నాడు. ఇక అక్కడి నుంచి దారి పొడుగునా "వచ్చింది... పోయింది... మళ్లీ వచ్చింది", ఒక్కసారి కూడా పొరబడలేదు.

అసలు సంగతి ఫ్లైఓవర్ దిగేటప్పుడు జరిగింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే స్క్రీన్ మీద బాణాలు చక్రాల నుంచి బ్యాటరీ వైపు తిరిగాయి. ఇదేంటని నాన్న అడిగితే, ఇప్పుడు చక్రాలే మోటారుని తిప్పుతున్నాయి, అది డైనమోలా కరెంటు చేస్తోంది అని ఆ కుర్రాడు చెప్పాడు. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "లోడుతో ఘాట్ దిగేటప్పుడు బ్రేకు డ్రమ్ములు కాలి కమురు వాసనొచ్చేదిరా. పక్కన ఆపేసి అవి చల్లారేదాకా కూర్చునేవాణ్ణి. ఆ వేడంతా గాలికి పోయేది. ఇది దాన్ని దాచుకుంటోందన్నమాట" అన్నాడు. ఆయన గొంతు అలా వినడం నాకు కొత్త. నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు, తిప్పితే నాకూ...

వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు: "మరి దిగుడు పొడుగ్గా ఉండి బ్యాటరీ నిండిపోతే?" కుర్రాడికి తెలియలేదు. సాయంత్రం మన మెకానిక్ చెప్పాడు, ఈ రకం బండిలో అప్పుడు పెట్రోలు పోయకుండానే ఇంజన్ని తిప్పుతుందట, ఆ బరువే బండిని పట్టి ఉంచుతుంది, మామూలు బ్రేకులు ఎలాగూ ఉంటాయి. "గేరులో దింపినట్టేగా" అని నాన్న తల ఊపాడు. టయోటా వాళ్ల హైబ్రిడ్ కారు ప్రియస్ జపాన్‌లో 1997లోనే వచ్చింది, ఇది నిన్నా మొన్నటి వింత కాదు అని కూడా మెకానిక్ చెప్పాడు, దాంతో నాన్న ఇంకాస్త మెత్తబడ్డాడు. వెనక సీటు కింద ఒక జాలీ ఉంటుంది, బ్యాటరీకి చల్లగాలి అక్కడి నుంచే వెళ్తుంది, అడ్డం పెట్టకండి, దుమ్ము పట్టనివ్వకండి అన్నాడు. చిన్నది స్కూలు బ్యాగు సరిగ్గా అక్కడే పడేస్తుంది!

నువ్వూ చూస్తున్నానన్నావు కాబట్టి ఒక మాట. ఇంకో షోరూంలో హైబ్రిడ్ అని చెప్పి మైల్డ్ హైబ్రిడ్ అంటగట్టబోయారు, అందులో మోటారు ఇంజన్‌కి కాస్త సాయం చేస్తుందంతే, చాలా కోపమొచ్చింది. ఒట్టి మోటారు మీద బండి నడుస్తుందా అని ముందే అడుగు. పైగా నీది ఎప్పుడూ హైవే ప్రయాణం, బ్రేకు వేసేదే తక్కువ, గాలిని చీల్చుకుపోవడానికి ఖర్చయ్యేది ఏ మోటారూ వెనక్కి తేలేదు. అంచేత నన్ను చూసి కొనేయకు, ముందు నీ దారి లెక్క నువ్వు రాసుకో. నేనైతే దాదాపు

ఆగు, నాన్న చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకోసారి నడిపి చూడాలట, ఈసారి స్టీరింగు తనదేనట. ఉంటా రా, వచ్చాక రాస్తా.