ముందు గొట్టాలు, చివర కాలిబాట

సంపాదకులకు నమస్కారం.

నగరం మధ్య పాడుబడ్డ నదిని వాలంటీర్లు శుభ్రం చేశారన్న వార్తల్లో ఎప్పుడూ ఒకే అంకె ఉంటుంది: ఇన్ని టన్నుల చెత్త తీశారని. ఆ అంకెను బట్టి నది సంగతి ఏమీ తెలియదు. రెండు గట్టి వానలు పడితే అదే చోటికి అంత చెత్తా మళ్లీ కొట్టుకొస్తుంది. పని వరుస తప్పడం వల్లే ఈ తిప్పలు. ముందు నదిలోకి మురుగు వదిలే గొట్టాలు, తర్వాత కలుపు, ఆపైన ఒడ్డు, అన్నీ అయ్యాక కాలిబాట. చాలాచోట్ల బాట, బెంచీలు, రంగులు ముందు వస్తాయి. గొట్టాల ఊసే ఉండదు.

గొట్టాల సర్వేకు డబ్బు అక్కర్లేదు. వరసగా మూడు రోజులు వాన పడని సమయం చూసుకుని ఒడ్డు వెంట నడిస్తే చాలు. వాననీటి గొట్టాలు అప్పటికి ఎండిపోయి ఉండాలి. దేన్నుంచైనా నీళ్లు కారుతుంటే అనుమానించాల్సిందే. ఊటనీరో, పగిలిన మంచినీటి పైపో కూడా కావచ్చు గానీ వాసన, నురగ, గొట్టం అంచున దూదిలా వేలాడే బూడిదరంగు జిగురు ఉంటే అది మురుగే. ఇళ్లలో వాడకం ఎక్కువగా ఉండే ఉదయం 6 నుంచి 9 గంటల మధ్య చూస్తే దొరికిపోతుంది. 10 లీటర్ల బకెట్టు పట్టి చూడండి. 20 సెకన్లలో నిండితే సెకనుకు అర లీటరు, రోజంతా అలాగే పారితే 43,200 లీటర్లు. అయితే ఉదయం కొలతను రోజంతటికీ గుణించి ఫిర్యాదు రాస్తే, అధికారులు మొదట పట్టుకునే తప్పు అదే. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు కొలవాలి. ప్రతి గొట్టానికీ ఒక నంబరు, నోటి వెడల్పు, ఫొటో, మ్యాపులో గుర్తు ఉండాలి.

మురుగు ఎక్కడ కలుస్తోందో రంగు నీళ్లు వదిలి కనిపెట్టడం సంబంధిత శాఖ పని. వాలంటీర్లు మ్యాన్‌హోల్ మూత ఎత్తనే కూడదు. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపే తెలియదు. వాసన తగ్గిందని దిగడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. లండన్‌లోని థేమ్స్ నదిలో జీవం లేదని 1957లో అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం తేల్చింది. మురుగు శుద్ధి కేంద్రాలను బాగుచేసుకున్నాకే అందులోకి చేపలు తిరిగొచ్చాయి. ఒడ్డున ఎన్ని సంచుల చెత్త ఏరినా ఆ పని అయ్యేది కాదు.

చెత్త ఏరడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మందపాటి రబ్బరు తొడుగులు, గంబూట్లు, పట్టకారు, సూదులకూ గాజుముక్కలకూ మూత ఉన్న గట్టి డబ్బా చాలు. పెద్ద వాన పడ్డాక రెండు రోజులు నీళ్లలోకి వద్దు, మోకాలి లోతు దాటొద్దు. పుండ్లుంటే నీళ్లు చొరని పట్టీ వేసుకోవాలి. నెల లోపు జ్వరం వస్తే నదిలో పనిచేసిన సంగతి డాక్టరుకు చెప్పాలి, లేకపోతే ఎలుక జ్వరాన్ని మామూలు జ్వరమనుకునే ప్రమాదముంది. గట్టులో సగం పూడుకుపోయిన ప్లాస్టిక్‌ను లాగితే మట్టి కూడా ఊడొస్తుంది, పైకి కనిపించేంత వరకే కోసెయ్యాలి. అడుగున ఉన్న నల్ల బురదను మాత్రం పారలతో కెలకొద్దు. అది లేచిందంటే నీళ్లలో మిగిలిన కాస్త ఆక్సిజన్‌నూ పీల్చేస్తుంది.

గుర్రపుడెక్క దగ్గరే ఎక్కువ శ్రమ వృథా అవుతుంది. వెచ్చని మురికి నీళ్లలో అది రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. పని మొదలుపెట్టే ముందే దిగువన ఖాళీ క్యాన్లు కట్టిన తాడును నదికి అడ్డంగా కట్టాలి. ఎగువ నుంచి పీక్కుంటూ వస్తే తెగిన ముక్కలు ఆ తాడు దగ్గర ఆగుతాయి. ఒక్క పిలక జారినా దిగువన కొత్త చాప పరుచుకుంటుంది. పీకినదాన్ని నీటి అంచునే కుప్పపోయడం అందరూ చేసే పొరపాటు, తొలి వరదకే అది నదిలోకి వెళ్లిపోతుంది. వరద అందని ఎత్తుకు చేర్చి ఆరబెడితే బరువు బాగా తగ్గుతుంది, దానిలో ఉన్నది చాలావరకు నీరే. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే నదైతే ఆ మొక్కల్లో సీసం, క్యాడ్మియం చేరి ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా ఎరువుగా గానీ పశువుల మేతగా గానీ వాడొద్దు. మందు కొట్టి చంపితే మొత్తం ఒక్కసారిగా కుళ్లి చేపలు చస్తాయి. జమ్ము, తుంగ కూడా కలుపేనని పీకేసేవాళ్లున్నారు. ఒడ్డును పట్టి ఉంచేవి అవే, వాటి జోలికి పోవద్దు.

ఒడ్డు కోసుకుపోతున్న చోట 30 సెంటీమీటర్ల లావు కొబ్బరి పీచు చుట్టలు నీటి అంచున పరిచి, మీటరుకో జత కర్ర గూటాలు దిగ్గొట్టి, మధ్యలో తుంగ నాటాలి. పీచు కొన్నేళ్లకు కుళ్లిపోతుంది, ఆలోగా వేర్లు పట్టుకోవాలి.

ఇక బాట. నది వంపు తిరిగే చోట బయటి ఒడ్డే కోతకు గురవుతుంది, అక్కడ బాటను వెనక్కి జరపాలి. వెడల్పు 2 మీటర్లు, సైకిళ్లు కూడా తిరిగేట్టయితే 3. పైమట్టి తీసి, గట్టినేల మీద నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచాలి. ఖర్చు తగ్గించాలని ఈ గుడ్డనే ముందు ఎగ్గొడతారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి కింది బురద కంకరలోకి ఉబికి బాట కుంగుతుంది. గుడ్డ మీద 15 సెంటీమీటర్ల కంకర రెండు పొరలుగా వేసి, ప్రతి పొరనూ దిమ్మిస కొట్టాలి. గుండ్రని గులకరాళ్లు పనికిరావు, అవి ఒకదాన్నొకటి పట్టుకోవు. పైన 5 సెంటీమీటర్ల రాతిపొడి తడిపి రోలర్ తిప్పాలి. 2 మీటర్ల వెడల్పున్న 100 మీటర్ల బాటకు 30 ఘనపు మీటర్ల కంకర అవుతుంది. దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి 38 తెప్పించుకోవాలి. మీటరు వెడల్పుకు 2 సెంటీమీటర్ల చొప్పున నదివైపు వాలు ఇచ్చి, అంచున గడ్డిపట్టీ వదలాలి. బాట మొదట్లో చక్రాల కుర్చీ పట్టేంత సందు వదిలి కార్లు రాకుండా స్తంభాలు పాతాలి. లారీ దూరే దారి ఉంటే పాత ఇంటి రాళ్లూ రప్పలూ రాత్రికి రాత్రే నదిలో పడతాయి.

నీళ్లలో ఆక్సిజన్ కొలిచే కిట్ ఉంటే తెల్లవారుజామున కొలవండి. నాచు పట్టిన నది మధ్యాహ్నం ఎండలో మంచి అంకె చూపించి మోసం చేస్తుంది. తెల్లవారుజామున లీటరుకు 5 మిల్లీగ్రాములు నిలిస్తేనే చేపలకు నమ్మకం. ఐదొందల మంది ఒక్క ఆదివారం వచ్చి వెళ్లేకన్నా, నలుగురు రెండు వారాలకోసారి తప్పకుండా రావడం మేలు.

మీ విలేకరులు ఇలాంటి చోటికి వెళ్లినప్పుడు టన్నుల లెక్కతో పాటు మరో మూడు సంగతులు అడిగి వార్తలో రాయాలని మా విన్నపం. ఎండాకాలంలోనూ పారే గొట్టాలు ఎన్ని, వాటిలో మూసినవి ఎన్ని, వచ్చే నెల గుర్రపుడెక్క ఏరడానికి వచ్చేది ఎవరు?

ఇట్లు,
నది గట్టు పనుల వాలంటీర్లు