వన్-టు-వన్ అని ఫీజు కట్టించుకుని, పిల్లలందరినీ కలిపి కూర్చోబెట్టడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. వాడికి మ్యాథ్స్, ఫిజిక్స్ చెప్పించడానికి బందరు రోడ్డులో ఉన్న మీ ఆఫీసుకు వచ్చి ఆన్‌లైన్ వన్-టు-వన్ ట్యూషన్ ఏడాది ప్యాకేజీ తీసుకున్నాం. మిగిలిన క్లాసుల ఫీజు వెనక్కి ఇవ్వమనీ, దానికోసం తీసుకున్న లోన్ ఈఎంఐ ఆపించమనీ అడగడానికే ఈ ఉత్తరం. యాప్‌లో పెట్టిన ప్రతి కంప్లయింటునూ మాతో ఒక్క ముక్క మాట్లాడకుండా పరిష్కారమైందని మూసేశారు. అందుకే ఇప్పుడు కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

విజయవాడలో ఎంపీసీ అనగానే అందరూ గూడవల్లి, పోరంకి వైపు హాస్టళ్లే చూపిస్తారు. మా వాడు పదిమందిలో డౌట్ అడగలేడు. అర్థం కాకపోయినా తలూపేస్తాడు. అందుకే డే స్కాలర్‌గా ఉంచి, వాడొక్కడితోనే కూర్చుని చెప్పే మనిషి కోసం మీ దగ్గరికి వచ్చాం. డెమో క్లాసు బాగా చెప్పిన సారు ఆ తర్వాత మళ్లీ కనిపించలేదు. సరే, సార్లు మారుతుంటారులే అని సర్దుకున్నాం.

మొన్న రోలింగ్ మోషన్ క్లాసు రికార్డింగ్ పెట్టుకుని పూర్తిగా విన్నాను. వాలుతలం మీద గోళం జారకుండా దొర్లుతూ దిగే లెక్క. మా వాడు ధైర్యం చేసి ఒక ప్రశ్న అడిగాడు: "సార్, కింద ఫ్రిక్షన్ ఉంది కదా, మరి ఎనర్జీ కన్జర్వేషన్ ఎలా వాడాం?" ఎంత మంచి ప్రశ్న అది! నేల తగిలే బిందువు ఆ క్షణానికి కదలదు కాబట్టి అక్కడి స్థైతిక ఘర్షణ చేసే పని సున్నా, అందుకే ఎనర్జీ పోదు అని చెప్తే సరిపోయేది. సారు ఇచ్చిన సమాధానం "ఫార్ములా గుర్తు పెట్టుకో, ఐదు బై ఏడు జీ సైన్ థీటా, పరీక్షకి అది చాలు." ఆ వెంటనే మ్యూట్ చేయడం మర్చిపోయి, "చెప్పమ్మా, నీది ఎక్కడ ఆగింది?" అని ఇంకో పిల్లతో మాట్లాడారు. కాసేపటికి మరో అబ్బాయి గొంతు. వాళ్లందరితో మాట్లాడినంత సేపూ మా వాడు తెల్ల స్క్రీను చూస్తూ కూర్చున్నాడు. అలాంటి రికార్డింగులు ఇంకా ఉన్నాయి, అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను.

వాడి నోటుబుక్కు తెరిస్తే ఇంకా బాధేసింది. డెఫినిట్ ఇంటిగ్రల్స్‌లో సైన్ స్క్వేర్ ఎక్స్ కాస్ ఎక్స్‌ని సున్నా నుంచి పై బై టూ వరకు చేయాలి. సైన్ ఎక్స్‌ని టీ అనుకున్నాడు, బాగానే ఉంది. లిమిట్స్ మాత్రం మార్చలేదు. సున్నా నుంచి ఒకటి వరకు తీసుకుంటే ఒకటి బై మూడు రావాలి, వీడికి పై క్యూబ్ బై ఇరవై నాలుగు వచ్చింది. ఆ చాప్టర్ పొడుగునా ప్రతి సబ్‌స్టిట్యూషన్‌లోనూ ఇదే తప్పు. నేను బీఎస్సీలో లెక్కలు చదివాను కాబట్టి నా కంట పడింది. ఎదురుగా కూర్చుని వాడి పేజీ చూసిన మనిషెవరికైనా మొదటి రోజే పడేది. మీ వారం రిపోర్టులో మాత్రం ఇంటిగ్రేషన్‌కి ఐదు స్టార్లు!

మీ బ్రోచర్ మొదటి పేజీలో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984 నాటి పరిశోధన వేసుకున్నారు, ట్యూటర్ దగ్గర చదివిన పిల్లలు మామూలు క్లాసు పిల్లల కంటే ఎంతో ముందున్నారని. ఆ పద్ధతిలో మధ్యమధ్యలో పరీక్ష పెట్టి, ఎక్కడ తప్పుతున్నారో చూసి, అది సరిదిద్దాకే ముందుకు వెళ్లేవారు. ఆ పని మీరు ఒక్క క్లాసులో కూడా చేయించలేదు. ఆయన పేరు పెట్టుకుని ఫీజు వసూలు చేయడం అన్యాయం.

ఆ సారు మీద నాకు కోపం లేదు. గంటకింత అని ఇచ్చి, ఒకే గంటలో ఇంతమందిని అప్పజెప్పింది మీరు. మా వాడి నోట "సరే సార్" తప్ప వేరే మాట రాకపోవడం చూసి ఆయనకీ తెలిసే ఉంటుంది.

జేఈఈ మెయిన్ జనవరి సెషన్ దగ్గరకొచ్చేసింది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో 80 మ్యాథ్స్, 40 ఫిజిక్స్. ఈ రెండింటికే మిమ్మల్ని నమ్ముకున్నాం. పోయిన నెలల్ని మీరు తిరిగి ఇవ్వలేరు. డబ్బైనా చేతికొస్తే సత్యనారాయణపురంలోనే ఇంటికొచ్చి చెప్పే లెక్చరర్ని పెట్టుకుంటాం.

జరగని క్లాసుల ఫీజు మొత్తం వెనక్కి ఇవ్వండి. అందరినీ కలిపి చెప్పిన క్లాసుల డబ్బు కూడా లెక్కగట్టి ఇవ్వాలి. ఫైనాన్స్ కంపెనీకి మీరే రాసి లోన్ క్లోజ్ చేయించండి, వచ్చే నెల మా ఖాతాలోంచి వాయిదా కట్ కాకూడదు. "ఫీజు తిరిగి ఇవ్వబడదు" అన్న షరతు చూపిస్తున్నారు మీ వాళ్లు. ఒప్పుకున్న సేవ ఇచ్చినప్పుడు కదా ఆ షరతు సంగతి. ఇంకొకటి, మీ సేల్స్ వాళ్లు మా అబ్బాయికి ఫోన్ చేసి "అమ్మకి నచ్చజెప్పు" అనడం ఈరోజుతో ఆగిపోవాలి. వాడు చదువుకోవాలి. మాట్లాడాల్సింది ఏమున్నా నాతో మాట్లాడండి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు కాబట్టి, రికార్డింగులు, నోటుబుక్కు, మీ ఐదు స్టార్ల రిపోర్టులు పట్టుకుని ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
మీ దగ్గర చేరిన ఇంటర్ విద్యార్థి తల్లి,
సత్యనారాయణపురం, విజయవాడ.

జతపరిచినవి: ఫీజు రసీదు, ఒప్పంద పత్రం నకలు, రికార్డింగులున్న పెన్ డ్రైవ్, నోటుబుక్కు పేజీల జిరాక్సులు.