పెన్నలో తెడ్డు పడవలు: రేవులో ముందు బోర్డు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

వానలు తెరిపిచ్చి చలి మొదలైతే నెల్లూరు జిల్లాలో నీళ్లు చూడాల్సిన కాలం వచ్చినట్టే. డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా సంగం, నెల్లూరు బ్యారేజీల ఎగువన పెన్న చెరువులాగా నిలబడి ఉంటుంది. ఆ నీళ్లలో కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవలు, వేయాలని చాలామంది అడుగుతున్నారు. వేయాల్సిందే. మన నీళ్లకు పెద్ద మోటారు పడవలకన్నా అవే నయం. కండలేరు జలాశయం సంగతే చూడండి, అక్కడివి చెన్నై దాకా తాగడానికి పోయే నీళ్లు. వాటిలో డీజిలు చుక్క పడకూడదంటే తెడ్డు పడవ ఒక్కటే దారి. అయితే గాలి, బ్యారేజీ గేట్లు, పోటుపాటుల (సముద్రపు నీరు ఎక్కడం, తీయడం) సంగతి రోజూ రాసే బోర్డు రేవులో లేకుండా ఒక్క పడవను కూడా దించకూడదు. ఈ ఉత్తరం అందుకే.

ముందు గాలి. పొద్దున ఎనిమిది దాకా నీటి మీద ముడత ఉండదు. పది, పదకొండు మధ్య తూర్పు నుంచి సముద్రపు గాలి లేస్తుంది. నెల్లూరు బ్యారేజీ దగ్గర ఎక్కినవాళ్లు పడమటికే పోవాలి, దిగువన గేట్లున్నాయి కదా. పోయేటప్పుడు ఏమీ తెలీదు, కొత్తవాళ్లు కూడా గంటకు నాలుగైదు కిలోమీటర్లు హాయిగా పోతారు. వెనక్కి తిరిగేసరికి గాలి ముఖాన కొడుతుంది. ఏటి వాలు తోడొస్తుందని అనుకుంటారు గానీ బ్యారేజీ వెనక నిలిచిన నీటికి వాలెక్కడిది? గంటలో పోయిన దూరం తిరిగి రావడానికి రెండు గంటలైనా పడుతుంది, అదీ నెత్తిన ఎండతో. అందుకని రేవును బ్యారేజీ పక్కన కట్టకుండా, జొన్నవాడ దిక్కుగా నిల్వ నీటి పడమటి కొసన పెట్టాలి. పొద్దున్నే తూర్పుకు వచ్చి, గేట్లకు అర కిలోమీటరు ముందే తిరిగితే లేచిన గాలి వీపున ఉండి ఇంటికి తోస్తుంది. నీటి మీద అక్కడక్కడా తెల్ల నురగ తలలు కనిపిస్తే గాలి గంటకు 15 కిలోమీటర్లకు చేరినట్టే. మొదటిసారి ఎక్కేవాళ్లను ఆ పూటకు ఆపేయాలి. హంస బొమ్మ పెడల్ పడవలనైతే అంతకన్నా ముందే ఒడ్డుకు చేర్చాలి. ఆ మెడ తెరచాపలా పనిచేస్తుంది, ఎంత తొక్కినా గాలి ఎటు తోస్తే అటే పోతుంది.

తర్వాత గేట్లు. సోమశిల 78 టీఎంసీల జలాశయం. అక్కడ వదిలిన నీరు సంగం మీదుగా నెల్లూరుకు వస్తుంది. 2021 నవంబరు వరదలో పెన్న ఏం చేసిందో కోవూరు, దామరమడుగు వాళ్లను అడిగితే చెబుతారు. అంత వరద లేని రోజుల్లో కూడా గేటు కొద్దిగా ఎత్తితే చాలు, ఎగువన పడవ నెమ్మదిగా అటే జారుతుంది, ఎక్కినవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఏ గేటు ఎప్పుడు ఎత్తుతారో అధికారులకు ముందే తెలుస్తుంది. అదే లెక్క రేవు బోర్డు మీద సుద్దముక్కతో రాయించాలి. గేట్లకు ఎగువన తాడుకు ఎర్ర బెండ్లు కట్టి ఏటికి అడ్డంగా వేయాలి. బ్యారేజీ దిగువకైతే పడవలు అసలు వద్దు. ఆనకట్ట మీంచి దూకిన నీరు కింద మడతపడి మళ్లీ గోడ వైపుకే తిరుగుతుంది. అందులో చిక్కిన మనిషిని లైఫ్ జాకెట్ ఉన్నా బయటికి పోనివ్వదు.

ఏట్లో ఇసుక తీసిన గుంటలు ఇంకో గండం. పైకి నీరంతా ఒకే మట్టం, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగు పక్కకేస్తే తల మునుగుతుంది. ఎక్కడ దిగినా ముందు తెడ్డు నిలువుగా గుచ్చి అడుగు తగిలిందో లేదో చూసుకోవాలి.

లైఫ్ జాకెట్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. 2017 నవంబరులో కృష్ణలో పడవ తిరగబడితే పోయినవాళ్లలో ఎక్కువమంది ఒంగోలువాళ్లు. 2023 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం తోడేరు చెరువులో చిన్న పడవ మునిగి ఆరుగురు కుర్రాళ్లు పోయారు. జాకెట్ తగిలించుకుని ఫొటో దిగితే సరిపోదు. బకిల్స్ అన్నీ బిగించాక ఇంకొకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది పెద్దదైనట్టు, నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలి మనిషి కిందికి జారిపోతాడు. ఈతరాని వాళ్లకు, పిల్లలకు 100 న్యూటన్ల (న్యూటన్లంటే జాకెట్ మనిషిని తేల్చే బలానికి కొలత) రకం కావాలి, 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకే. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి.

పడవల్లో కాళ్లు లోపలికి దూర్చే రకం కన్నా పైన కూర్చునే రకమే జనానికి మంచిది. తిరగబడితే నీళ్లు తోడే పని ఉండదు, మళ్లీ ఎక్కడం నేర్పితే చాలు. దానికి నడుం లోతు నీళ్లలో పది నిమిషాల పాఠం సరిపోతుంది. తెడ్డు వదలకుండా పట్టుకోవాలి. పడవను బోర్లా నుంచి మామూలుగా తిప్పాలి. దాని నడుం దగ్గరికొచ్చి రెండు చేతులూ అడ్డంగా వేసి, కాళ్లను వెనక్కి నీటి మట్టానికి తేల్చి ఈత కొట్టినట్టు ఆడిస్తూ, పొట్ట మీద పడవ మీదకు జారాలి. చాలామంది కాళ్లు కిందికి వేలాడేసి చేతులతోనే పైకి లాగాలని చూస్తారు, అప్పుడు పడవ మళ్లీ వాళ్ల మీదకే బోర్ల పడుతుంది. పొట్ట మీద పడ్డాక వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చుని, ఆఖర్న కాళ్లు పెట్టుకోవాలి. ఇది రెండుసార్లు చేసి చూపించనివాళ్లను లోతుకు పంపకూడదు. ఇద్దరెక్కే పడవలో బరువైన మనిషి వెనక కూర్చోవాలి, దిశ తిప్పడం వాళ్ల పని.

ఇంకో చిన్న వస్తువు ఎన్నో పడవలను ముంచుతుంది. వెనక కొసన ఉండే డ్రెయిన్ ప్లగ్, మన మాటలో బిరడా. కడిగిన తర్వాత నీళ్లు పోవాలని తీస్తారు, పెట్టడం మరిచిపోతారు. అరగంటకు పడవ వెనక భాగం బరువెక్కి, ఎటు వేసినా వంకరగా పోతుంటే లోపల నీళ్లు చేరాయని అర్థం. బిరడాలు పడవకు తాడుతో కట్టి ఉంచాలి. పడవలను సిమెంటు మెట్ల మీద ఈడిస్తే అడుగు అరిగిపోతుంది, ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. నీడలో బోర్లించి పెట్టాలి.

బకింగ్‌హాం కాలువ గురించి రెండు మాటలు. ఒకప్పుడు ఉప్పు, ధాన్యం, కట్టెలు మద్రాసుకు మోసిన నీటిదారి అది. కృష్ణపట్నం చుట్టుపక్కల దానికి పోటుపాటులు ఉన్నాయి. పాటు ఎక్కువగా తీసినప్పుడు పడవ బురదలో కూర్చుంటుంది, దిగి తోద్దామంటే మోకాలి దాకా దిగబడుతుంది. పోటు రోజురోజుకీ ముప్పావు గంట పైగా ఆలస్యమవుతుంది, అమావాస్యకీ పౌర్ణమికీ పోటు మట్టానికీ పాటు మట్టానికీ మధ్య తేడా పెరుగుతుంది. ఏ రోజు ఏ వేళో అక్కడి మత్స్యకారులకు కంఠతా వచ్చు. వాళ్లకు రోజు కూలి ఇచ్చి దారి చూపించే పని అప్పగించడం అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు. వలల బెండ్లు కనబడితే పక్క నుంచి పోవాలి, దాటబోతే వలా పోతుంది, స్నేహమూ పోతుంది. కాలికి చెప్పులు కాకుండా బూట్లు ఉండాలి, రాళ్లకు పట్టిన ఆల్చిప్పలు బ్లేడులాగా కోస్తాయి.

పులికాట్ ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయినా నెల్లూరు వాళ్లకు అది మన సరస్సే. అక్కడ పక్షుల అభయారణ్యం ఉంది, అటవీ శాఖ అనుమతి లేకుండా తెడ్డు వేయకూడదు. ఒంగోలు వైపు వాళ్లకు గుండ్లకమ్మ జలాశయం, ఇంకా లోపలికి పోతే కంభం చెరువు ఉన్నాయి. రెంటిలోనూ పైన చెప్పిన గాలి లెక్కే, అయితే కంభంలో సముద్రపు గాలి బదులు కొండల గాలిని చూసుకోవాలి.

బోర్డు మీద రాయాల్సింది నాలుగు వరుసలే. ఈ రోజు గాలి ఎటు నుంచి. గేటు ఎత్తే వేళ. కాలువైతే పోటు వేళ. ఎన్ని పడవలు పోయాయి, ఎన్ని తిరిగొచ్చాయి. ఆఖరి వరుసలో రెండంకెలూ సరిపోయేదాకా రేవు మనిషి ఇంటికి పోకూడదు.

ఇట్లు,
తెడ్డు పడవలు నడిపే కొందరు,
నెల్లూరు