హానా రోడ్డు మీద మీ ఆదివారం వ్యాసం చదివాక

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ స్పెషల్‌లో హవాయిలోని మౌయి దీవి మీద వేసిన వ్యాసం చదివాను, ఒక్క రోజులో దీవి చుట్టేయొచ్చు, పదిహేను స్పాట్లు చూసేయొచ్చు అని. ఫోటోలు బాగున్నాయి, కాదనను. కానీ రాసినవాళ్ళు ఆ హానా రోడ్డెక్కారా అని నాకు డౌటే. పోయినేడాది ఫిబ్రవరిలో మా అబ్బాయి, కోడలితో కలిసి నేనూ వెళ్ళొచ్చాను, మేమూ అచ్చం ఇలాంటి లిస్టే పట్టుకుని బయల్దేరాం, అందుకే ఈ ఉత్తరం.

విమానం దిగే కహులుయి ఊరి నుంచి దీవి తూర్పు చివరనున్న హానా ఊరికి 52 మైళ్ళు, అంటే 84 కిలోమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది కదా, మాకూ అలాగే అనిపించింది. కానీ ఆ దారిలో మలుపులు దాదాపు 620, వంతెనలు 59, వాటిలో 46 ఒక్క బండి పట్టేవే. ఎక్కడా ఆగకుండా వెళ్ళినా రెండున్నర గంటలు పడుతుంది. ఇంక పదిహేను చోట్ల ఆగడం, పార్కింగ్ వెతుక్కోవడం, దిగడం, ఫోటోలు, మళ్ళీ ఎక్కడం, ఎలా కుదురుతుందండీ? మా కోడలికైతే పాపం కాసేపటికే కడుపులో తిప్పడం మొదలైంది, ముందు సీటు తనకిచ్చి నేను వెనక్కి మారాను, తర్వాత నాకు మొదలైంది. పైగా వ్యాసంలో మైలు నంబర్లు మాత్రమే ఇచ్చారు, ఆ రోడ్డు మొదట 36వ నంబరు హైవే, పదహారు మైళ్ళ తర్వాత 360 అవుతుంది, అక్కడ మైలురాళ్ళు మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి. ఆ సంగతి తెలీక మేము రెండో మైలు దగ్గరుండే జలపాతం కోసం ముందు రోడ్డు మీద రెండో మైలు దగ్గరే వెతుక్కున్నాం. సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు, పెట్రోలు పాయియా ఊరు దాటితే మళ్ళీ హానాలోనే.

అసలు విషయం వంతెనల దగ్గరుంది. అవతల నుంచి వరసగా ఐదారు బళ్ళు వస్తుంటే వాటన్నిటినీ వెళ్ళనిచ్చి అప్పుడు మన వైపు వాళ్ళు కదలాలి, అదీ అక్కడి పద్ధతి. మావాడికి తెలీదు, ముందు బండి వెళ్ళింది కదా అని దూరిపోయాడు, సగంలో ఎదురుగా ఒక పికప్ ట్రక్. వెనక్కి తీయాలి, వెనకేమో ఇంకో టూరిస్టు కారు ఆనుకుని ఉంది. ట్రక్కులో పెద్దాయన హారన్ కొట్టలేదు, అరవలేదు, తనే మెల్లగా వెనక్కి తీసుకుని దారిచ్చాడు. మావాడు సిగ్గుపడుతూ చెయ్యెత్తితే ఆయన బొటనవేలు, చిటికెనవేలు మాత్రం చాపి చెయ్యి ఊపాడు, షాకా అంటారు దాన్ని, పర్లేదులే అన్నట్టు. ఆ తర్వాత మేము నేర్చుకున్నది ఒక్కటే, వెనక అద్దంలో బండి కనిపిస్తే వెడల్పు ఉన్నచోట పక్కకి తీసి వదిలేయడం. మనకది విహారం కానీ, ఆ బండిలో వాళ్ళు డ్యూటీకో డాక్టర్ దగ్గరికో పోతుంటారు, హానా వాళ్ళకి కహులుయి వైపు రావాలంటే మామూలుగా అదే దారి. మీ వ్యాసంలో దీని మీద ఒక్క లైను లేదు.

సగం లిస్టు అక్కడే కొట్టేశాం. కొట్టేశాక రోజు బాగుపడింది, నిజం చెప్తున్నా. దారి మధ్యలో కెయానే అనే ఊరి దగ్గర కిందికి దిగితే సముద్రం అంచున నల్లరాళ్ళ మీద అలలు విరుగుతుంటాయి, ఇటు పక్కన నీళ్ళు నిలిపిన మళ్ళు, మళ్ళ నిండా చామ! మన వరి మడిలాగే గట్లు కట్టి, కాలవ నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడిలోకి పారేలా. వాళ్ళు కలో అంటారు, తమ పురాణం ప్రకారం అది మనుషులకి పెద్దన్న అట. చామని వేపుడుకి తప్ప తలవని దాన్ని నేను, అక్కడ గట్టు మీద నిలబడిపోయాను. 1860 నాటి రాతి చర్చి ఒకటుంది పక్కనే, 1946 సునామీలో ఆ ఊళ్ళో నిలబడిన కట్టడం అదొక్కటే. వ్యాసంలో ఈ ఊరి పేరే లేదు, ఎందుకో మరి.

వైయానపనప నల్ల ఇసుక బీచ్ అయితే చూడాల్సిందే, కానీ హవాయి వాళ్ళు కాకపోతే ముందే ఆన్‌లైన్‌లో టైము స్లాట్ బుక్ చేసుకోవాలి, గేటు దగ్గర టికెట్ ఇవ్వరు. మా స్లాట్ మొదటి జలపాతం దగ్గరే దాటిపోయేది, లిస్టు కొట్టేయబట్టి అందుకున్నాం.

ఇంకోటి, "ఏడు పవిత్ర కొలనులు" అని రాశారు. దాని అసలు పేరు ఓహెయో, కొలనులు ఏడుకంటే ఎక్కువే, ఆ పవిత్రం అన్నది టూరిస్టుల కోసం ఒకప్పుడు హోటల్ వాళ్ళు తగిలించిన పేరు. మేము వెళ్ళినరోజు ఈతకి మూసేశారు. కింద మనకి ఎండ కాస్తుంటుంది, కానీ 3,055 మీటర్ల హలేయకల కొండకి ఈశాన్యపు గాలులు తగిలి పైన కుండపోత, ఆ నీళ్ళు ఉన్నట్టుండి కిందికి వచ్చి పడతాయి. ఆ కొలనులున్న హలేయకల నేషనల్ పార్కు టికెట్ పారేయకండి, మూడు రోజులు పనిచేస్తుంది, దాంతోనే కొండ శిఖరానికీ వెళ్ళొచ్చు.

చివరిగా, ముఖ్యంగా చెప్పాల్సింది. హానా నుంచి వెనక్కి రాకుండా కొండ వెనక పీలాని హైవే మీదుగా చుట్టి వచ్చేయమని రాశారు. ఆ రోడ్డు కొంతదూరం తారు కూడా సరిగా లేకుండా, ఒక పక్క లోయతో ఇరుకుగా ఉంటుంది, కొన్ని రెంటల్ కార్ల అగ్రిమెంట్లలో అటు వెళ్ళొద్దని ఉంటుంది, అలాంటప్పుడు అక్కడ బండి ఆగిపోతే ఖర్చు మన నెత్తిన పడొచ్చు. మేము మూడింటికల్లా బయల్దేరి వచ్చిన దారినే వచ్చాం. మీ వ్యాసం కత్తిరించి దాచుకున్నవాళ్ళు ఉంటారు, ఆ పీలాని ముక్క ఒక్కటైనా వచ్చే ఆదివారం సవరణ వేయండి.

– ఒక పాఠకురాలు