ఉచితం అన్నది మిషన్ వరకే

సంపాదకులకు నమస్కారం. మాది పరకాల అవతల ఒక పల్లె. మా బాపుకు రెండు కిడ్నీలూ పాడై ఇది మూడో ఏడు. వారానికి మూడు సార్లు వరంగల్ తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. ఆరోగ్యశ్రీ ఉంది కదా, 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు కదా, ఇంకా మీకేం టెన్షన్ అని మా చుట్టాలే అడుగుతారు. అబద్ధం ఎందుకు, డయాలసిస్‌కు మా దగ్గర రూపాయి తీసుకోలేదు. కానీ ఆ నాలుగు గంటల మిషన్ పక్కనే ఒక మనిషి కూర్చోవాలి కదా. ఆ మనిషి మా అమ్మ. పత్తి ఏరే రోజుల్లో వారానికి మూడు కూలీలు పోతే ఇంట్లో ఏం మిగులుతుందో లెక్క వేయడానికి చదువు అక్కర్లేదు. బస్సులో అమ్మకు టికెట్ లేదు, సంతోషమే, అయితే డయాలసిస్ అయి బయటికొచ్చిన బాపు ఆ రద్దీలో నిలబడలేడు, ఆటో మాట్లాడుకోవాల్సిందే. రక్తం పెరిగే సూది సెంటర్లో ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు బయట కొనుక్కోవాలి, నెలనెలా రక్త పరీక్షలూ అంతే. 2,016 రూపాయల పింఛన్ వస్తుంది, వచ్చిన వారంలోనే అయిపోతుంది.

అసలు అప్పు అంతకుముందే అయింది. మోకాళ్ల నొప్పులని ఏళ్ల తరబడి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గోలీలు మింగాడు, బీపీ ఉందని ఒక్కరూ చూడలేదు. కాళ్లు వాచాక హన్మకొండలో ఒక ప్రైవేట్ ఆస్పత్రికి పరుగెత్తాం. అక్కడ పదకొండు రోజులకు ఎకరం చేను పోయింది, చాలక తెచ్చిన దానికి నూటికి రెండు రూపాయల మిత్తి ఇప్పటికీ కడుతున్నాం. (ఆ గోలీలు ఇచ్చినాయన బాపు ఎలా ఉన్నాడని ఇప్పటికీ అడుగుతాడు, ఏం చెప్పాలి?)

పెద్ద పెద్ద కోరికలేం లేవు సార్. సూది, పరీక్షలు సెంటర్లోనే ఇవ్వండి. పల్లె దవాఖానాలో ముప్పై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్ చూడండి. మా ఇంటికి దగ్గరి సెంటర్లో ఇంకో షిఫ్ట్ పెట్టండి. అక్కడ పేరు రాయించి ఏడాది దాటింది. ఖాళీ అయితే ఫోన్ చేస్తామన్నారు. ఆ బెడ్ ఎట్లా ఖాళీ అవుతుందో వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. ఫోన్ మోగినప్పుడల్లా అమ్మ నా ముఖం చూస్తుంది.

– ఒక పాఠకుడు, పరకాల