మహేంద్రగిరి నుంచి నన్ను దింపిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

విరిగిన కాలికి వేసిన పిండికట్టు విప్పి మళ్లీ స్కూలుకి వెళ్లడం మొదలయ్యాకే ఇది రాయాలనుకున్నాను. ఈ సోమవారం నుంచి వెళ్తున్నాను. నాకు సాయం చేసినవాళ్లలో చాలామంది పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. కొండ దిగువ సవర గిరిజనుల ఊరు, గూడలో ఇంటర్ చదువుతున్న అమ్మాయి ఒకరు దీన్ని తన వాళ్లందరికీ చదివి వినిపిస్తానని మాటిచ్చింది. తల్లీ, నిదానంగా చదువు. వాళ్లకి ప్రతి మాటా చేరాలి.

మా విజయనగరం ట్రెక్కింగ్ బృందం శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కింది. 1501 మీటర్ల ఎత్తున్న ఈ కొండ ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. అయినా మందస, పలాస వాళ్లకి అది పెరట్లో కొండే. ముఖలింగం నుంచి ఏలిన గాంగ రాజులు ఈ కొండ మీది గోకర్ణేశ్వరుణ్ణే కులదైవంగా కొలిచారు. పైన భీముడి గుడి, కుంతి గుడి చూసి, ఎండ ముదరకముందే దిగడం మొదలుపెట్టాం. సగం దారిలో మంచు కమ్మింది. నాచు పట్టిన బండ మీద నా కుడికాలు మడత పడింది. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

మా బృందంలో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ఒకడున్నాడు. ఆ కుర్రాడు కంగారు పడలేదు, నన్నూ పడనివ్వలేదు. బూటు విప్పనివ్వలేదు, విప్పితే వాపు పెరిగి మళ్లీ తొడగలేమన్నాడు. లేసులు మాత్రం వదులు చేశాడు. తన యోగా మ్యాట్ మడిచి చీలమండ చుట్టూ చుట్టి, రెండు తువ్వాళ్లతో బిగించి కట్టాడు. దారంతా ఆగినప్పుడల్లా "టీచర్, వేళ్లు కదుపుతున్నారా? తిమ్మిరిగా ఉందా?" అని అడుగుతూనే ఉన్నాడు. బాబూ, మీ అమ్మానాన్నలకి ఫోన్ చేసి చెప్పాను. ఇక్కడ అందరి ముందూ ఇంకోసారి చెబుతున్నాను.

ఫోన్లకి సిగ్నల్ లేదు. మా వాళ్లు ఇద్దరు కిందికి పరుగెత్తారు. వాళ్లు చెప్పిన మరుక్షణం గూడలోంచి నలుగురు తమ్ముళ్లు బొంగు, దుప్పటి పట్టుకుని పైకి వచ్చేశారు. నేనెవరో వాళ్లకి తెలియదు. ఎవరని అడగలేదు కూడా.

డోలీ గురించి పేపర్లో చదవడం వేరు, అందులో పడుకోవడం వేరు. దుప్పటి కొసలు బొంగుకి ముడేసి, నన్ను ఎత్తి అందులో పడుకోబెట్టారు. దిగే దారి కాబట్టి పొడుగాటి తమ్ముడు ముందు, పొట్టి తమ్ముడు వెనక నిలబడ్డారు. అలాగైతేనే బొంగు ఒరగదట. ఇద్దరూ ఒకేసారి అడుగు వెయ్యరు. ఒకరి అడుగు పడ్డాక రెండోవారిది పడుతుంది. కలిపి వేస్తే డోలీ ఊగిపోతుందని తర్వాత చెప్పారు. భుజం మార్చుకునేటప్పుడు ముందున్న తమ్ముడు చిన్నగా "హూ" అంటాడు, పక్కన నడిచేవాడు భుజం కిందికి దూరతాడు. బొంగు ఒక్క అంగుళం కూడా కిందికి దిగదు. వాళ్ల భుజాల మీద చర్మం ఎర్రగా కందిపోవడం నేను కళ్లారా చూశాను. నొప్పికి నేను మూలిగితే "ఏటవదులే అమ్మా, మేమున్నాం కదా" అన్నారు.

గూడలో ఒక అక్క చోడి (రాగి) అంబలి తెచ్చి, తల పట్టుకుని తాగించింది. డబ్బులివ్వబోతే "మా మనిసినైతే డబ్బులడుగుతామేటి?" అంది.

నలభై దాటాక నేను కొండలెక్కడం మొదలుపెట్టాను. రామతీర్థం, పుణ్యగిరి కొండల మీద మొదట నేర్చుకున్నది, అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే బృందం వేగమని. దాహం వేయకముందే నీళ్లు తాగాలని, ఎంత దూరం ఉన్నా అనుకున్న టైముకి వెనక్కి తిరగాలని కూడా అక్కడే నేర్చుకున్నాను. స్కూల్లోనూ ఇవి పనికొచ్చాయి. వెనకబడ్డ పిల్లవాడి కోసం పాఠం ఆపడం నాకు కొండే నేర్పింది. కానీ ఒకరి చేతుల్లో నా బరువు పూర్తిగా వదిలెయ్యడం మాత్రం ఆ రోజే తెలిసింది. చిన్నప్పటి నుంచి ఇంట్లో అందరి పనులూ నేనే చూసుకునేదాన్ని. డోలీలో మొదట ఒళ్లంతా బిగబట్టుకుని పడుకున్నాను. "అమ్మా, నువ్వు బిగుసుకుంటే మాకు బరువెక్కువ, వదిలెయ్" అన్నాడు వెనక తమ్ముడు. వదిలేశాను. ఆ తర్వాత ఇంట్లో మంచం మీదున్నన్నాళ్లూ, ఎవరేం చేసి పెట్టినా మొహమాటపడకుండా తీసుకున్నాను.

ఇంకో మాట చెప్పకపోతే ఈ కృతజ్ఞతకి అర్థం లేదు. నేను సరదాగా కొండెక్కి కాలు విరగ్గొట్టుకున్నాను. రోడ్డు లేని కొండ ఊళ్లలో నిండు గర్భిణుల్ని ఇలాగే డోలీలో దింపుతున్నారు. మన జిల్లాల నుంచి ఆ వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. నాకు ఊపిరాడనంత నొప్పి పుట్టించిన ఆ కుదుపుల్ని పురిటినొప్పులతో భరించే ఆడవాళ్లు ఉన్నారు. ట్రెక్కింగుకి వెళ్లే మనందరం ఆ రోడ్ల కోసం అర్జీలు పెట్టాలి, అడుగుతూ ఉండాలి. ఆ దారులు ఎలా ఉంటాయో మన కాళ్లకి తెలుసు.

రోడ్డు మొదలయ్యే చోట ఎదురుచూసిన 108 సిబ్బందికి, రాత్రి పూట ఎక్స్‌రే తీయించి, ఆపరేషన్ అక్కర్లేదు, సన్న ఎముకే విరిగింది అని ధైర్యం చెప్పిన పలాస డాక్టరుగారికి నమస్కారాలు. నా క్లాసులు పంచుకున్న తోటి టీచర్లకి, రోజూ క్యారేజీ పంపిన పక్కింటి పిన్నిగారికి కూడా.

మా బృందం గూడ కోసం మడత స్ట్రెచర్ ఒకటి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఒకటి కొంటోంది. అక్కడి ఆశా కార్యకర్త దగ్గర ఉంచుతాం. అందులో ఏం ఉండాలో ఆవిడే జాబితా రాసిచ్చారు. చందా ఇవ్వాలనుకునేవాళ్లు మా బృందంలో మీకు తెలిసినవాళ్లని అడగండి. సంక్రాంతి సెలవుల్లో అవి పట్టుకుని వెళ్తున్నాం. నేను గూడ దాకానే వస్తాను, పైకి ఇప్పుడే వద్దన్నారు డాక్టరుగారు.